ఆరు గిన్నెలతో గోదావరికి

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరూ ఒకటే అడిగారు, ఏం తిన్నావని. పూతరేకులు తెచ్చావా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. నేను వెళ్ళింది తినడానికి కాదు, జనం తినేది ఎందుకు తింటారో కొలవడానికి. ఆ మాట చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. అక్కడికి వెళ్ళనివాళ్ళ కోసం, నవ్వినా ఫరవాలేదనుకుని ఇప్పుడు రాస్తున్నాను.

నేను అనంతపురంలో హోమ్ సైన్స్ పాఠాలు చెబుతాను. మనిషి రోజూ తినే తిండిని దేన్నిబట్టి ఎంచుకుంటాడో కనుక్కోవాలని మా ప్రిన్సిపాల్ మేడం ఒక పని మొదలుపెట్టారు. ప్రశ్నల కాగితం ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని తెలుగు చేసి, "మీ ఆహారపు ఎంపికలో రుచికి గల ప్రాధాన్యత ఎంత?" అని మా వీధిలోనే ఒకామెను అడిగితే, ఆమె లోపలికి వెళ్ళి వాళ్ళాయన్ని పిలుచుకొచ్చింది. ఇది లాభం లేదని మేడం కాగితం పక్కనపెట్టి ఆరు చిన్న స్టీలు గిన్నెలు తెప్పించారు. ఒక్కోదాని మీద ఒక బొమ్మ అంటించాం. నాలుక బొమ్మ రుచికి, రూపాయి బొమ్మ ఖర్చుకి, కండలు తిరిగిన చెయ్యి ఆరోగ్యానికి, గడియారం సులువుకి, ఊయల చిన్నప్పటి అలవాటుకి, దీపం నోముకీ వ్రతానికీ. మనిషి చేతికి పది చింతగింజలిచ్చి, "ఈ రోజు మీరు తిన్నది ఎందుకు తిన్నారు? ఏ కారణానికి ఎంత బలముంటే అన్ని గింజలు ఆ గిన్నెలో వెయ్యండి" అనడం. అంతే. మా వైపు ఈ పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. వానల్లేని ఊళ్ళు కదా, రూపాయి గిన్నె నిండిపోయేది. నీళ్ళున్న చోట ఏమవుతుందో చూసి రమ్మని నన్ను పంపారు.

పంపడానికి ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. అప్పట్నుంచి నాకు ఆకలి వేయడం లేదు. తినడం మానలేదు. హాస్టల్ నుంచి క్యారియర్ వస్తుంది, వేళకి నాలుగు ముద్దలు మింగుతాను, మాత్ర వేసుకున్నట్టే. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏమీ లేదన్నాడు. ఇంట్లో స్టవ్వు టీ కోసం తప్ప వెలగలేదు. తిండి గురించి పాఠాలు చెప్పేదాన్ని, తినాలనిపించడమంటే ఏమిటో మర్చిపోయాను. "అక్కడ తిండి బాగుంటుంది సుభద్రా, వెళ్ళిరా," అన్నారు మేడం. గింజల మాట ఆ తర్వాతే ఎత్తారు.

రాజమండ్రి

రైలు వంతెన మీదికి రాగానే పెట్టెలో ఉన్నవాళ్ళంతా కిటికీల దగ్గర చేరారు. ఎదురు సీటావిడ నా చేతిలో ఒక అర్ధరూపాయి పెట్టి, "వెయ్యండి, ఏదన్నా కోరుకుని," అంది. ఆవిడెవరో నాకు తెలియదు. నాణెం వేశాను గానీ ఏం కోరుకోవాలో తట్టలేదు. వంతెన చాలా పొడుగు. అంతసేపట్లో ఒక్క కోరిక కూడా రాని మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాడు పొద్దున లాడ్జి ఎదుటి హోటల్లో ఇడ్లీ తెప్పించుకున్నాను. రెండు ఇడ్లీలకి మూడు చట్నీలు, పైన కారప్పొడి, దాని మీద నెయ్యి. ధర మా ఊళ్ళో ఉన్నంతే. ఒకటి తిని రెండోది వదిలేశాను. మా ఊళ్ళో అయితే సగం వదిలినా పట్టించుకునే నాథుడుండడు. ఇక్కడ వడ్డించినతను ప్లేటు చూసి ఆగిపోయాడు.

"ఏం తక్కువైందండి? ఉప్పా?"

"అన్నీ బాగున్నాయి. ఆకలి లేదు, అంతే."

అతను నమ్మలేదు. గల్లా దగ్గరున్న యజమానితో ఏదో చెప్పాడు. ఆయన లేచొచ్చి, "పోనీ పెసరట్టు వేయించమంటారాండి?" అని అడిగాడు. నేను వద్దన్నకొద్దీ ఆయన మొహం చిన్నబోయింది. వెళ్ళేటప్పుడు కూడా, "రేపు రండి, రేపు అల్లం చట్నీ బాగా కుదురుద్ది," అని బతిమాలినట్టు చెప్పాడు. నా కడుపులో లేనిది ఆయన వంటలో లోపమైపోయిందని నాకు చాలా బాధేసింది.

నిడదవోలు

జంక్షన్ కనుక ఈ ఊళ్ళో రైళ్ళ కూత ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. మా కాలేజీలో పనిచేసే ఒకామెకు చుట్టాలైన మాస్టారింట్లో దిగాను. ఆయన భార్య పేరు వరలక్ష్మి గారు. నేను వస్తున్నానని ముందే ఉత్తరం వెళ్ళడం పెద్ద పొరపాటైంది. ఆ ఇంట్లో మామూలు రోజు ఏం తింటారో చూద్దామని నేను వెళితే, నేను గుమ్మం ఎక్కడంతోనే మామూలు రోజు కాస్తా పోయింది. ఆకులో ముద్దపప్పు, కంద బచ్చలి కూర, ఆవపెట్టిన అరటికాయ, గుమ్మడికాయ పులుసు, గారెలు.

"రోజూ ఇవేనా వండుతారు?" అన్నాను.

"ఆయ్, రోజూ ఇదేనండి," అన్నారు వరలక్ష్మి గారు తొణక్కుండా.

"రోజూ ఇదే అయితే నేనిలా ఎందుకుంటానండి?" అని మాస్టారు తన బక్క చేతులు చూపించారు. ఆవిడ ఆయన్ని ఒక చూపు చూశారు. ఆయన పేపరు తీసుకుని వీధరుగు మీదికి వెళ్ళిపోయారు.

అక్కడి మర్యాదలో ఒక కష్టముంది. అతిథికి ముందు పెడతారు. ఇంట్లోవాళ్ళు చుట్టూ నిలబడి అది వెయ్యనా ఇది వెయ్యనా అంటూ చూస్తుంటారు. ఒంటరిగా తినడం నాకు అలవాటే. నలుగురు నిలబడి చూస్తుండగా ఒంటరిగా తినడం మాత్రం అప్పుడే తెలిసింది. ఆ నిలబడ్డవాళ్ళలోంచే ఎవరో ఒకరు, "మీవారేం చేస్తారండి?" అంటారు. "లేరండి," అంటాను. ఆ తర్వాత నా ఆకులో ఇంకో గరిటె నెయ్యి పడుతుంది. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అలాగే జరిగింది. వాళ్ళు చెయ్యగలిగింది అదే, చేశారు. నాకది మింగుడుపడేది కాదు.

భోజనాలయ్యాక గిన్నెలు వరసగా పెట్టి వరలక్ష్మి గారి చేతిలో పది గింజలు పోశాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఎడమ పక్కనుంచి మొదలుపెట్టి ఒక్కో గిన్నెలో ఒక్కో గింజ వేసుకుంటూ వెళ్ళారు. ఆరు అయ్యాయి. మళ్ళీ మొదటికొచ్చి మారు వేశారు. నాలుగో గిన్నెతో గింజలు అయిపోయాయి.

"ఇంకో రెండు ఇప్పించండి," అన్నారు చెయ్యి చాపి.

"పదే వెయ్యాలండీ. ఏది ముఖ్యమైతే దానికి ఎక్కువ, కాకపోతే అసలు వెయ్యక్కర్లేదు."

"అదేంటండీ, వరసలో కూర్చోబెట్టి ఒకళ్ళకేసి ఇంకొకళ్ళకి వెయ్యకపోతే ఏం బాగుంటుంది?" అన్నారు ఆవిడ, నిజంగానే నొచ్చుకుని. "ఈ రెండూ చిన్నబుచ్చుకోవూ?"

పంక్తిలో వలపక్షం చూపకూడదని పుట్టినప్పట్నుంచి వింటూ పెరిగిన చెయ్యి అది. గిన్నెలు కనబడగానే వడ్డించేసింది. ఆ వీధిలో ఇంకో మూడిళ్ళకు వెళ్ళాను. మూడిళ్ళలోనూ అదే వడ్డన, చివర్లో అదే బెంగ. ఒకావిడైతే చివరి రెండు గిన్నెలకీ పెరట్లోంచి రెండు చిక్కుడు గింజలు తెచ్చి వేసింది. మా వైపు రూపాయి గిన్నెలో టంగుమని పడ్డ గింజలు ఇక్కడ బంతిభోజనానికి కూర్చున్నట్టు సర్దుకున్నాయి. మేడంకి ఏమని చెప్పను? నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన మనిషి లేడని వెంటనే గుర్తొచ్చి, ఆగిపోయింది.

పెనుగొండ

కార్తీకమాసం కావడంతో అమ్మవారి గుడి ముందు బస్సులు బారులు తీరి ఉన్నాయి. మామూలు తిండిని కొలవడానికి కార్తీకంలో బయల్దేరడం మా రెండో పొరపాటు. మా సెలవులు చూసుకున్నాం గానీ వాళ్ళ నెల చూసుకోలేదు. నీచు మానేసినవాళ్ళు, ఒంటిపూట వాళ్ళు, ఉల్లి ముట్టనివాళ్ళు. దీపం గిన్నె ఒక్కటే కాస్త బరువెక్కింది.

గుడి వీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన గింజలు చేతిలో ఆడిస్తూ, "ఇందులో సరైన జవాబు ఏదో ముందు చెప్పండి. గవర్నమెంటు వాళ్ళు ఏది రాసుకుంటే బాగుంటుందో అదే వేస్తాను," అన్నారు. సరైన జవాబంటూ లేదన్నాను. "లేకుండా ఎలా ఉంటుందండి?" అని ఆలోచించి, పదీ ఆరోగ్యం గిన్నెలో పోసి, నన్నేదో గట్టెక్కించినట్టు నవ్వారు. ఆయన పక్కనే పొట్లంలో మిరపకాయ బజ్జీలున్నాయి.

ఆ పూట దిగిన సత్రంలో భోజనాల వరసలో ప్రతివాడూ, "మీరు ఒక్కరేనాండి?" అని అడిగాడు. చోటు సర్దడానికే అడిగారు, తప్పేమీ లేదు. ఒక్కరే అన్నవాళ్ళని వరస చివర, స్తంభం పక్క కూర్చోబెడతారు. పప్పు బకెట్టు అక్కడికొచ్చేసరికి తిరిగెళ్ళిపోతుంది. నాకు ఆకలి లేదు కనుక పిలవలేదు కూడా.

చిన్న ప్రమాదం జరిగింది అక్కడే. గది ముందు ఆరబెట్టిన నా గిన్నెల్లో ఒకటి వంటావిడ చట్నీకి తీసుకెళ్ళింది. తిరిగి తెచ్చేటప్పుడు మర్యాదగా చింతపండు పెట్టి తోమి తెచ్చింది. తళతళలాడుతోంది. నాలుక బొమ్మ పోయింది. "జిడ్డు కాయితం ఏదో అంటుకుందండి, గీకేశాను," అంది సంతోషంగా. మిగిలిన ఐదింటితో పాటు ఆ బోడి గిన్నెనూ సంచీలో వేసుకున్నాను.

పట్టిసీమ

సోమవారం పొద్దున కొవ్వూరు మీదుగా పట్టిసీమ చేరాను. నిడదవోలు మాస్టారు చెప్పిన రైతు కుటుంబం ఇల్లు గోదావరి గట్టుకి దగ్గర్లోనే. రాంబాబు గారు, భార్య సత్యవతి, ఎనభై దాటిన ఆయన తల్లి మంగమ్మ గారు. చేతులు కడుక్కొచ్చేసరికి ఒక్క ఆకు వేసి ఉంది. పులిహోర, పప్పు, రెండు కూరలు, బూరెలు. అవన్నీ నా ఒక్కదానికే. ఆ ఇంట్లో ముగ్గురూ కార్తీక సోమవారం ఉపవాసం. సాయంత్రం చుక్క కనబడ్డాకే తింటారు. పస్తున్న మనిషి పొయ్యి దగ్గర కూర్చుని నా కోసం బూరెలు వేయించింది.

ఆ ఆకు ముందు ఒక్కదాన్నే కూర్చోవడం నావల్ల కాలేదు. "నాకూ ఉపవాసమేనండి," అనేశాను. మా ఇంట్లో శ్రావణ శనివారాలు తెలుసు గానీ కార్తీక సోమవారం ఎన్నడూ పట్టలేదు.

"అయ్యో, ముందే చెప్పకపోయారాండి! ఇయ్యన్నీ సాయంత్రానికి చల్లారిపోతాయి," అని సత్యవతి నొచ్చుకుంది. మంగమ్మ గారు మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంతదాకా 'మేడం గారు' అన్న మనిషి, "మరి కాఫీ తాగుతావా అమ్మా? కాఫీకి దోషం లేదులే," అన్నారు.

గిన్నెలు పెట్టాను. ఆవిడ కళ్ళలో శుక్లాలు. గింజలు తడిమి చూసుకుని, "ఏం చెయ్యాలి వీటితో?" అన్నారు. ఈ రోజు తిన్నది ఎందుకు తిన్నారో చెప్పాలన్నాను.

"ఏవీ తినలేదు కదమ్మా."

నిజమే. తిననివాళ్ళ కోసం మా దగ్గర గిన్నె లేదు. ఆవిడ గిన్నెలన్నీ వేళ్ళతో తడిమి, బోడి గిన్నె దగ్గర ఆగారు. "దీనికి బొమ్మ లేదేంటి?" చెరిగిపోయిందని చెప్పాను. "సర్లే, తిన్నాక వేస్తాను," అని పది గింజలూ కొంగున ముడేసుకున్నారు.

మధ్యాహ్నం రేవులో పడవెక్కి నది మధ్య కొండ మీదున్న వీరభద్రుడి గుడికి వెళ్ళాను. పడవనిండా జంటలు, పిల్లలు, తలస్నానం చేసిన జుట్టు ముడులు. చుట్టూ అంత నీరు. మా ఊళ్ళో కుళాయి దగ్గర బిందెకి తగవులాడే నీరు ఇక్కడ ఎవరికీ పట్టనట్టు పోతోంది. ఆయన ఉంటే ఈ మాట ఆయనతో అనేదాన్ని. ఎవరితోనూ అనకుండా కొండెక్కి దణ్ణం పెట్టుకుని దిగాను. తిరుగు పడవలో కడుపులో ఏదో మెలిపెట్టింది. గ్యాస్ అనుకున్నాను. ఎదురుగా ఒకామె ప్రసాదం కొబ్బరిముక్క బిడ్డ నోట్లో పెడుతుంటే నా నోట్లో నీళ్ళూరాయి. అప్పుడు పోల్చుకున్నాను. ఆకలి.

గట్టు మీద

పొద్దుగూకే వేళకి అందరం గట్టు మీదికి చేరాం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఆకాశం నిండా మబ్బు. సముద్రంలో ఏదో వాయుగుండం పట్టిందన్నారు. చీకటిపడింది. ఒక్క చుక్క లేదు.

"పంచాంగంలో టైము దాటిపోయిందమ్మా, ఇక తినొచ్చు," అన్నారు రాంబాబు గారు.

"పంచాంగం చూసి తింటానన్నానా? చుక్క చూసి తింటానన్నాను," అన్నారు మంగమ్మ గారు.

"అదుగో అత్తయ్యగారూ, కనబడింది," అంది సత్యవతి పైకి చూడకుండానే.

"నీ మాట నేను నమ్మను. కిందటేడు కూడా కనబడకుండానే కనబడిందన్నావు. పక్కింటివాళ్ళు చెప్పారు నాకు." అందరూ నవ్వారు. సత్యవతి కూడా నవ్వింది. మంగమ్మ గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నువ్వు నాతోపాటు పస్తున్నదానివి. నువ్వు చూశానంటే నేను తింటాను."

పొద్దున అబద్ధంగా మొదలైన ఉపవాసం నాది. ఇప్పుడు నా నోటిమాట మీద ఎనభై ఏళ్ళ మనిషి తిండి ఆగి ఉంది. నా ఆకలి కూడా. వంటింట్లోంచి చల్లారిన పులిహోర వాసన గట్టుదాకా వస్తోంది. అవతలి ఒడ్డున దీపమొకటి మినుక్కుమంటోంది. అదే చుక్క అంటే సరిపోయేది, ఆవిడకి ఎలాగూ కనబడదు. సత్యవతి నా మోచెయ్యి మెల్లగా పొడిచింది కూడా. నోటిదాకా వచ్చింది మాట.

"ఇంకా లేదండీ," అన్నాను.

రాంబాబు గారు నిట్టూర్చారు. ఎవరో, "ఈవిడెక్కడ దొరికిందిరా బాబూ," అన్నారు. మెడలు నొప్పి పెట్టేదాకా అందరం పైకే చూస్తూ నిలబడ్డాం. నా చెయ్యి మంగమ్మ గారి చేతిలో ఉంది. చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ నాకు కావలసిందే కావాలి. రెండేళ్ళలో నేను అలా ఎవరితోనూ కలిసి దేనికోసమూ ఎదురుచూడలేదు.

కొండ వైపు మబ్బు కాస్త పగిలింది. ఆ సందులో ఒక చుక్క, సన్నగా.

"చూశానండీ!" అని అరిచాను.

"ఒట్టు?"

"ఒట్టండీ. నా కళ్ళతో చూశాను."

గట్టు మీద జనం ఇళ్ళకి పరుగు తీశారు. ఆ రాత్రి వడ్డించేవాళ్ళూ పస్తున్నవాళ్ళే కనుక గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరం ఒకేసారి కూర్చున్నాం. ఎవరూ నన్ను చూడలేదు. ఎవరి ఆకు వాళ్ళది. మూడోసారి అన్నం అడిగాను. రాంబాబు గారు, "కాస్త ఉంచండి మేడం గారూ, మేం కూడా తినాలి," అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను.

మా ఆయన నేను కాలేజీ నుంచి వచ్చేదాకా తినేవాడు కాదు. వేళ మించిపోయినా సరే. తినుండొచ్చు కదా అంటే, "నువ్వు రాకుండా ఆకలి కాలేదు," అనేవాడు. మాటవరసకి అంటున్నాడనుకునేదాన్ని. పట్టిసీమలో నోట్లో ముద్దతో అది మాటవరస కాదని తెలిసింది. ఆ మాట ఇప్పుడు ఆయనకి చెప్పడానికి లేదు. మంగమ్మ గారు ఎడమచేత్తో నా వీపు నిమురుతూ కుడిచేత్తో తింటూనే ఉన్నారు. గింజలు వేస్తానన్న మనిషి తిన్నవెంటనే నిద్రపోయారు. పొద్దున నేను బస్సెక్కేదాకా అవి ఆవిడ కొంగులోనే ఉండిపోయాయి. నేనూ అడగలేదు.

అనంతపురం

మేడంకి జరిగింది జరిగినట్టు చెప్పాను. సమానంగా వడ్డించిన గింజల సంగతి విని ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. బొమ్మలు మళ్ళీ వేయిద్దాం, గిన్నెలు పట్టుకురా అన్నారు. తెస్తానన్నాను.

మరుసటి సోమవారం మా ఊళ్ళో మబ్బు లేదు. సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చున్నాను. పగలంతా ఏమీ తినలేదు, క్యారియర్ వద్దని హాస్టల్‌కి కబురు పెట్టాను. ఇక్కడ గట్టు లేదు, పక్కన పట్టుకోవడానికి చెయ్యి లేదు. వీధిలో ఎవరి పనిలో వాళ్ళున్నారు. చుక్క పొడిచింది.

"చూశాను," అన్నాను, ఎవరూ అడగకపోయినా.

ఆకలి దంచేస్తోంది. లోపలికి వెళ్ళి, బొమ్మ లేని గిన్నెతో రాగిపిండి కొలుచుకుని, సంగటికి ఎసరు పెట్టాను.